మంత్రానికీ యంత్రానికీ మధ్య ఒక తాడు

మేస్త్రి చేసిన తలుపులూ కిటికీలూ చాలా ఇళ్ళకు ఉన్నాయి. కానీ ఆయన్ని ఎరిగినవాళ్ళు వాటి మాట ఎత్తరు. ఆయన కట్టిన రథం మాట ఎత్తుతారు, ఎత్తగానే గొంతు తగ్గిస్తారు.

ఊరూరా తిరిగే ఒక నాటకం కంపెనీలో ఆయన వడ్రంగి. కంపెనీ అంటే మూడు లారీలు, ఒక పెద్ద డేరా, ఓ పాతికమంది మనుషులు, ఒకే ఒక్క నాటకం. చంద్రలోకపు రాకుమారి భూమ్మీద ఒక తోటమాలిని చూసి మనసు పారేసుకుంటుంది. దిగివచ్చి కొన్నాళ్ళు కాపురం చేస్తుంది. చివరి అంకంలో తండ్రి పిలిస్తే ఏడుస్తూ తిరిగి వెళ్ళిపోతుంది. కథలో ఇంతకుమించి ఏమీ లేదు. జనం టికెట్టు కొనేది ఆ దిగడం కోసం, ఆ ఎక్కడం కోసం.

దానికోసం మేస్త్రి ఒక రథం కట్టాడు. తేలిక చెక్కతో గుల్లగా చేసిన బండి, ముందు హంస మెడ, రెండు పక్కలా ఊగే రెక్కలు. డేరా దూలానికి కప్పీలు బిగించి, వాటిమీదుగా తాడు వేసి, తెర వెనక నలుగురు మనుషులు లాగేవారు. కప్పీలు కిర్రుమంటే మేస్త్రికి ఆ పూట అన్నం సయించేది కాదు. నూనె పోసేవాడు, గుడ్డలు చుట్టేవాడు, చెవి పెట్టి వినేవాడు. "చప్పుడైతే అది కప్పీ. చప్పుడు కాకపోతేనే మంత్రం," అనేవాడు.

రాకుమారి వేషం వేసే ఆమెను బయట కూడా అందరూ రాకుమారి అనే పిలిచేవారు. కూరగాయల బేరం ఆడేటప్పుడు కూడా కంపెనీ ఆడవాళ్ళు "రాకుమారీ, ఆ వంకాయలు పుచ్చులు," అనేవారు. ఆమె కంటే ముందు ఆ వేషం కట్టడానికి వచ్చిన మనిషి రథం చూసి, దణ్ణం పెట్టి, వెళ్ళిపోయిందట. ఈమె మాత్రం మొదటిరోజు రథం చుట్టూ తిరిగి చూసి, కింద కూర్చుని మేకులు ఏరుకుంటున్న మేస్త్రిని చూసింది.

"ఇది కట్టింది నువ్వేనా?"

"నేనే."

"నువ్వెక్కావా ఎప్పుడైనా?"

"రోజూ ఎక్కుతా. మీకంటే ముందు నేనే ఎక్కి చూస్తా."

"అయితే సరే," అని ఎక్కి కూర్చుంది.

అలా మొదలైంది వాళ్ళ కథ. ప్రతి సాయంత్రం ఆట మొదలవకముందు మేస్త్రి తాడు మొత్తాన్నీ ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేతిలోంచి జార్చుకుంటూ తడిమి చూసేవాడు. ఒక్క పోగు లేచినా చేతికి తెలిసేది. ఆ తర్వాత పైకి చూసి తల ఊపేవాడు. ఆ తల ఊపాకే ఆమె రథంలో కాలు పెట్టేది. పెళ్ళయ్యాక కూడా ఆమె ఆయన్ని మేస్త్రీ అనే పిలిచింది. అడిగితే, "మొగుళ్ళకేం, ఊరినిండా ఉంటారు. తాడు చూసే మేస్త్రి ఒక్కడే," అని నవ్వేది.

కంపెనీ ఊళ్ళు తిరుగుతూనే ఉంది గానీ, ఊళ్ళు కంపెనీ కంటే ముందే ఎక్కడెక్కడికో తిరిగి వచ్చేశాయి. ఇళ్ళల్లో టీవీలు వచ్చాయి. రాకెట్టు నిప్పులు కక్కుతూ లేవడం జనం అన్నం తింటూ చూశారు. ఒక ఊళ్ళో ఆట సాగుతుండగా, హంస రథం దిగుతున్న ఆ నిశ్శబ్దంలో, ముందు వరసలో బడి పిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్ళలో ఒక పిల్ల పక్కనున్న తల్లిని గట్టిగానే అడిగింది: "అమ్మా, చంద్రుడి దగ్గర గాలే లేదుగా, రెక్కలు ఎందుకు ఊపుతోంది?" డేరా అంతా గొల్లుమంది. రథంలో ఉన్న రాకుమారి ముఖం కదలలేదు. తెర వెనక తాడు పట్టుకున్న నలుగురి చేతులూ ఒక్క క్షణం సడలాయి.

యజమాని చెడ్డవాడేం కాదు. డేరాలో కుర్చీలు ఖాళీ అవుతుంటే ఎవరికైనా కాలు నిలవదు. మర్నాడు మేస్త్రిని పిలిపించాడు.

"రెక్కలు తీసెయ్ మేస్త్రీ."

"తీసేసి?"

"రేకులు కొట్టు. బల్బులు పెట్టు. లారీ షెడ్లో పాత బస్సు మీటర్లు ఉంటాయి, అవి ముందు బిగించు. మీటలు ఓ నాలుగు పెట్టు, అమ్మాయి పట్టుకుని లాగుతుంది."

"అవి దేనికి కలపాలండీ?"

"దేనికీ కలపక్కర్లేదు. రెక్కలు దేనికి కలిపావ్?"

మేస్త్రి వెళ్ళి రంపం తీసుకున్నాడు. వానల వల్ల ఆట ఆగిన ఆ వారంలో హంస మెడ కోసేసి, ముక్కు కోసుగా చేసి, రేకు తొడిగి, వెండి రంగు వేశాడు. నాటకం రాసిన ముసలాయన అప్పటికే పోయాడు కాబట్టి మాటలు మార్చే పని రాకుమారి మీదే పడింది. ఆమె కూర్చుని చూసుకుంటే మార్చాల్సింది పెద్దగా ఏమీ లేదు. 'నా తండ్రి ఇచ్చిన మంత్రబలంతో వచ్చాను' అన్న చోట 'నా తండ్రి ఇచ్చిన యంత్రబలంతో వచ్చాను' అంటే సరిపోయింది. ప్రేమించడం, ఏడవడం, వెళ్ళిపోవడం, అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

"ఒక్క అక్షరం మేస్త్రీ," అంది ఆమె. "మ తీసి య పెట్టా. నిన్నటిదాకా మాయ నాటకం, ఇవాళ్టి నుంచి సైన్సు నాటకం."

"అది కాదు," అన్నాడు మేస్త్రి, చేతికంటిన వెండి రంగు గీక్కుంటూ. "ఇదివరకు ఎలా వచ్చావని ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు అడుగుతారు."

"అడిగితే చెప్దాం."

"ఏమని?"

"మీటలున్నాయిగా, చూసుకోమని."

జనం నిజంగానే మీటలు చూసి ఊరుకున్నారు. కుర్చీలు మళ్ళీ నిండాయి. రెక్కలకు నవ్విన పిల్లలే దేనికీ కలపని మీటలను కళ్ళు పెద్దవి చేసుకుని చూశారు. యజమానికి హుషారు వచ్చింది. ఒక పాత ఇనప సామాను దుకాణంలో బరువులెత్తే మోటారు ఒకటి బేరం చేసి తెచ్చాడు. తాడు లాగే నలుగురినీ పనిలోంచి తీసేశాడు. స్విచ్చి నొక్కితే చాలు, మోటారు గుర్రుమంటూ రథాన్ని పైకి లాగేది. చప్పుడు డేరా అంతా వినిపించేది. మేస్త్రి తల పట్టుకున్నాడు గానీ, జనం ఆ గుర్రుకే చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళూ చప్పుడు దాచడమే తన పని అనుకున్నవాడు ఆ చప్పట్లు విని చేతిలోని నూనె డబ్బా కింద పెట్టేశాడు.

అయినా ఒక సంగతి ఆయన్ని తొలిచేస్తూనే ఉంది. తాడు పట్టుకున్న మనిషికి బరువు తెలుస్తుంది. ఎక్కడైనా పట్టేస్తే చెయ్యి ఆగుతుంది. మోటారుకు ఆగడం రాదు, ఎవరో ఒకరు ఆపాలి. రథం పైకి వెళ్ళి దూలానికి తగిలేలోపు దానంతట అదే ఆగే స్విచ్చి ఒకటి పెట్టాలని యజమానిని అడిగాడు. యజమాని కాదనలేదు. "వచ్చే ఊళ్ళో మంచి ఎలక్ట్రీషియను ఉన్నాడు, అక్కడ పెట్టిద్దాం," అన్నాడు. మేస్త్రి మళ్ళీ అడిగాడు. "చెప్పా కదయ్యా, వచ్చే ఊళ్ళో," అన్నాడు.

వచ్చే ఊరు రాకముందే, ఉన్న ఊళ్ళోనే ఆ ప్రమాదం జరిగింది.

చివరి అంకం. రాకుమారి తోటమాలికి వీడ్కోలు చెప్పి రథమెక్కింది. మీట లాగింది. మోటారు గుర్రుమంది. మేస్త్రి తెర పక్కన స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని పైకి చూస్తున్నాడు. ఎప్పుడూ ఆపే చోట స్విచ్చి నొక్కాడు. ఆగలేదు. మళ్ళీ నొక్కాడు. లోపల ఏదో అతుక్కుపోయింది. తీగ పీకడానికి వంగాడు. ఆయన వంగి లేచేలోపు రథం ముక్కు దూలానికి గుద్దుకుంది, తాడు తెగింది.

వెండి రథం వేదిక మధ్యలో పడింది. బల్బులు కొన్ని ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రాకుమారి ఈసారి వెళ్ళిపోలేదని, ప్రేమకోసం తిరిగి వచ్చేసిందని, కథ మార్చారని అనుకున్నారు. తోటమాలి వేషగాడు కెవ్వుమని అరిచేదాకా ఆ చప్పట్లు ఆగలేదు.

ఊరి ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫోటోను కిటికీ వెలుగుకు పట్టి చూపించాడు. వెన్నెముకలో ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడి నుంచి కిందికి కబురు వెళ్ళదు," అన్నాడు. మేస్త్రికి అర్థమైంది. అయినా, "ఎప్పటికి వెళ్తుంది సార్?" అని అడిగాడు. డాక్టరు ఫోటో కవరులో పెట్టేస్తూ, "ఇంతేనయ్యా. ప్రాణం దక్కింది, సంతోషించు," అన్నాడు.

కంపెనీ కొన్నాళ్ళు ఆగింది. ఆగగలిగినన్నాళ్ళు ఆగింది. తర్వాత డేరా విప్పారు. ఆసుపత్రి కిటికీలోంచి గుంజలు పీకే చప్పుడు వినిపించింది. యజమాని వచ్చి, మంచం పక్కన నిలబడి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆయన మీద కేకలు వేయాలని మేస్త్రి ఎన్నో మాటలు కూడగట్టుకున్నాడు. ఆయన ఏడుస్తుంటే ఒక్కటీ నోటికి రాలేదు.

తెలిసినవాళ్ళు ఒక్కరూ లేని ఊళ్ళో ఇద్దరే మిగిలారు. తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాలో మేస్త్రికి పని దొరికింది. కింద కార్ఖానా, దాని పైన గోదాము, ఆ పైన ఒక గది. ఆ గదే ఇచ్చారు. మెట్లు ఇరుకు, మలుపులో ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సిందే. రాకుమారిని వీపు మీద మోసుకుని ఎక్కాడు. మెట్టు మెట్టుకూ ఆమె గడ్డం ఆయన భుజానికి తగులుతోంది.  మంచం మీద పడుకోబెట్టాక కప్పుకేసి చూసి, "మళ్ళీ పైకి తెచ్చావు," అంది.

ఆ తర్వాత ఆమె కిందికి దిగలేదు. మంచం పక్క కిటికీ, కిటికీలోంచి ఎదుటి మేడ గోడ, గోడ మీద తడి మరక. మేస్త్రి పొద్దున్నే లేచి ఆమెకు ఒళ్ళు తుడిచి, పక్కలు మార్చి, అన్నం పెట్టి కిందికి వెళ్ళేవాడు. మధ్యాహ్నం వచ్చి మళ్ళీ పక్క మార్చేవాడు. చిత్రిక పట్టిన చెక్కపొట్టు ఆయన జుట్టులో ఉండేది. మొదట్లో ఆమె ఏరి తీసేది, తర్వాత మానేసింది. పడిన సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు. నువ్వు చూసుకోలేదని ఆమె ఒక్కసారి అన్నా ఆయనకు కాస్త ఊపిరి ఆడేది. ఆమె అనలేదు.

నాలుగో ఏడు ఒకరోజు కార్ఖానాలో పనివాడొకడు ఫోనులో ఏదో చూస్తూ, "మేస్త్రీ, ఇటు రా," అని పిలిచాడు. ఎక్కడో దూరదేశంలో నడుం పడిపోయిన మనిషికి కాళ్ళకు ఇనప చట్రం తగిలించారు. మోకాళ్ళ దగ్గర మోటార్లు. మనిషి లేచి నిలబడ్డాడు. అడుగు వేశాడు. అంతే, వీడియో అయిపోయింది. మేస్త్రి మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. పనివాడు విసుక్కుని ఫోను ఆయన చేతికే ఇచ్చేశాడు.

ఆ రోజు నుంచి మేస్త్రి మనిషి మనిషిలా లేడు. తిండి ధ్యాస లేదు. పాత కార్ల షెడ్డుకు పోయి అద్దాలు తుడిచే చిన్న మోటార్లు తెచ్చాడు. మంచి టేకు ముక్కలు ఏరి తొడకు ఒకటి, పిక్కకు ఒకటి అచ్చులు చెక్కాడు. తోలు పట్టీలు కుట్టాడు. ఇనప కమ్మీలు వంచాడు. పని ముగిశాక సాయంత్రాలన్నీ గది మూలన కూర్చుని అదే పని. రాకుమారి మంచం మీంచి చూస్తూ ఉండేది. ఒకరోజు అడిగింది.

"ఏంటది?"

"నీ కాళ్ళు."

ఆమె నవ్వలేదు. "మంత్రమా, యంత్రమా?"

"యంత్రమే. నా కళ్ళతో చూశా. మనిషి నడుస్తున్నాడు."

"యంత్రమైతే ఎలా పనిచేస్తుందో చెప్పు."

మేస్త్రి చెప్పబోయాడు. ఇక్కడ మోటారు తిరుగుతుంది, ఇక్కడ మోకాలు వంగుతుంది అన్నాడు. ఎప్పుడు వంగాలో దానికి ఎవరు చెబుతారని ఆమె అడిగింది. ఒరిగిపోతుంటే ఏది పట్టి ఆపుతుందని అడిగింది. మేస్త్రి ఉలితో మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు.

"నీకు తెలీదు," అంది ఆమె. "తెలీనప్పుడు దానికెన్ని తీగలు చుడితే ఏం? మళ్ళీ రెక్కలు పీకి రేకులు కొడుతున్నావు మేస్త్రీ. అంతే."

"మరి ఏం చెయ్యమంటావ్? ఇలా చూస్తూ కూర్చోమంటావా?"

"అవును. కూర్చో. నేను కూర్చోలేదూ?"

ఆయన వినలేదు. అన్నేళ్ళుగా పేరుకున్నదంతా ఆ చెక్కలోకి దించుతున్నవాడు ఎవరు చెబితే ఆగుతాడు? రాకుమారి అక్క ఊరి నుంచి చూడ్డానికి వస్తే ఆవిడ కాళ్ళావేళ్ళా పడ్డాడు. "వదినా, మీరైనా చెప్పండి. ఒక్కసారి. ఒక్కసారి నిలబడితే చాలు. ఆ కిటికీలోంచి కింద రోడ్డు కనపడుతుంది. పడుకుంటే గోడే కనపడుతుంది." ఆవిడ మెత్తటి మనిషి. చెల్లెలి పక్కన కూర్చుని తల నిమిరి, "పోనీలేవే, అతని తృప్తి కోసం," అంది.  రాకుమారి దుప్పటి తనే పక్కకు లాగింది.

ఆదివారం ఉదయం. పట్టీలు బిగించారు. మేస్త్రి ఒక పక్క, వదిన ఒక పక్క పట్టుకుని మంచం అంచుకు జరిపారు. మేస్త్రి అలవాటు కొద్దీ ప్రతి పట్టీనీ, ప్రతి బోల్టునూ తడిమి చూశాడు. తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు గానీ తల ఊపడానికి ధైర్యం చాలలేదు. స్విచ్చి నొక్కాడు. మోటార్లు సన్నగా మూలిగాయి. చెక్క కాళ్ళు నిటారుగా అయ్యాయి. రాకుమారి లేచి నిలబడింది.

కిటికీలోంచి రోడ్డు కనిపించింది. సైకిలు మీద ఒకాయన పోతున్నాడు. ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. ఆమె నోరు తెరిచి ఏదో అనబోయింది. ఎడమ మోకాలి దగ్గర మోటారు ఒక్క కుదుపు ఇచ్చి, మనిషి మోకాలు ఎటు వంగదో అటు వంచేసింది. చప్పుడు అందరూ విన్నారు. చెక్క విరిగిందనుకున్నారు. ముగ్గురూ మంచం మీద పడ్డారు.

"ఏం కాలేదు, ఏం కాలేదు," అంటూ వదిన పట్టీలు విప్పింది. రాకుమారికి నొప్పి లేదు. నొప్పి తెలిసే దారే లేదు. ఇనప కమ్మీ అంచు పిక్కలోకి దిగి ఉంది. కట్టు కట్టారు. సాయంత్రానికి కాలు ఉబ్బి నున్నగా మెరిసింది. మర్నాటికి ఒళ్ళు కాలిపోయింది. విరిగింది చెక్క కాదని అప్పటికి అర్థమైంది.

మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగదు. వీపు మీద మోద్దామంటే విరిగిన కాలు వేలాడుతుంది. మేస్త్రి స్క్రూడ్రైవరు తీసుకుని గది తలుపు బందులు ఊడదీశాడు. తలుపు మంచం మీద పెట్టి, ఆమెను దానిమీదకు చేర్చి, తాడుతో కట్టాడు. ఆయన ముడులు వేస్తున్నంతసేపూ ఆమె ఆ చేతులనే చూస్తూ ఉంది. కార్ఖానా పనివాళ్ళు వచ్చి తలుపు ఎత్తారు. మలుపు దగ్గర నిలువుగా తిప్పాల్సి వచ్చింది. ఆమె బరువంతా ముడుల మీద పడింది. ఆ క్షణంలో ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది, పళ్ళ మధ్య నుంచి "మేస్త్రీ" అంది. "పట్టుకునే ఉన్నా," అన్నాడు ఆయన. 

ఊరి ఆసుపత్రివాళ్ళు చేతులెత్తేశారు. రైల్లో పెద్ద నగరానికి తీసుకెళ్ళమన్నారు. ఆ ఊళ్ళో అన్నేళ్ళున్నా మేస్త్రి ఆ రైలెప్పుడూ ఎక్కలేదు. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దిగారు. అంత దగ్గర.

పెద్దాసుపత్రిలో కాలు నిలపాలని చూశారు. చీము ఎముకలోకి దిగింది. మోకాలి కింద నుంచి తీసేశారు. జ్వరం దిగాక ఒక డాక్టరమ్మ వచ్చి, ఇక కూర్చోవడం, చక్రాల కుర్చీలోకి తనంతట తను జరగడం నేర్పిస్తామని, వ్యాయామాల గదికి తీసుకురమ్మని చెప్పింది. మేస్త్రి కుర్చీ తోసుకుంటూ ఆ గదిలోకి వెళ్ళాడు. వదిన వెనకే వచ్చింది.

గది అవతలి పక్క ఇనప కడ్డీల మధ్య ఒకావిడ నిలబడి ఉంది. నడుం నుంచి పాదాల దాకా నల్లటి చట్రం. మోకాళ్ళ దగ్గర మోటార్లు. ఇద్దరు చెరో పక్కా పట్టుకుని ఉన్నారు. ఒకతను, "బరువు కుడివైపు వెయ్యండి, అది మీ ఒరుగు చూసి అడుగేస్తుంది," అంటున్నాడు. ఆవిడ ఒరిగింది. కాలు లేచి ముందుకు పడింది. పెద్ద వింతేం లేదు. ఆవిడ ముఖంలో కూడా వింతేం లేదు, చెమట మాత్రం ఉంది. ఒకాయన గోడకు ఆనుకుని టీ తాగుతున్నాడు.

 మేస్త్రి కుర్చీ పిడి పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, అది మా ఆవిడకు..." అన్నాడు.

డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. ఇన్నేళ్ళు మంచంలోనే ఉండటం వల్ల ఎముకలు గుల్లబారాయి. ఇప్పుడు నిలబెడితే ఆ రెండో కాలూ విరుగుతుంది. "పడిన మొదటి ఏడాదిలోనే వచ్చి ఉంటే ప్రయత్నించేవాళ్ళం. అప్పటికే ఇక్కడ ఉందిది," అంది.

రాకుమారి అంతా వింది. చాలాసేపు ఆ నడిచే ఆవిడనే చూసింది. ఆవిడ కడ్డీల చివరిదాకా వెళ్ళి, తిరగలేక, కుర్చీలో కూలబడి నీళ్ళడిగింది.

"నన్ను ఇక్కడికి ఎందుకు తీసుకురాలేదు?" అంది రాకుమారి. కోపంగా అనలేదు.

"ఉందని తెలీదు."

"ఫోనులో చూశావుగా."

"చూశా." మేస్త్రి నేలకేసి చూస్తూ అన్నాడు. "చూసినా, అది ఎక్కడో ఉన్నవాళ్ళకి అనుకున్నా. మనం రైలెక్కి వెళ్తే ఉండే చోట ఉంటుందని తట్టలేదు. నాటకంలో చంద్రలోకం ఉంది కదా, అలా ఉందనుకున్నా. అలాంటిది మనకి కావాలంటే మనమే ఏదో కట్టుకోవాలి గానీ, వెళ్ళి అడగొచ్చని..."

మాట పూర్తి చేయలేకపోయాడు. గదిలో అందరి ముందూ, ముఖానికి చేతులు అడ్డం పెట్టుకోకుండా, నోరు తెరిచి ఏడ్చాడు. టీ తాగే ఆయన కప్పు పక్కన పెట్టేశాడు. వదిన వచ్చి భుజం పట్టుకుంది. రాకుమారి ఆయన వైపు చెయ్యి చాచలేదు. తన ఒళ్ళో చేతులు అలాగే పెట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రి నుంచి పంపించే రోజు ఆమె తన నిర్ణయం చెప్పింది. అక్క ఇల్లు నేల మీదే ఉంది, గుమ్మానికి మెట్టు ఒక్కటే. అక్కడికి వెళ్తానంది.

"కింద గది చూస్తా," అన్నాడు మేస్త్రి. "కార్ఖానావాళ్ళని అడుగుతా. మెట్లే లేని గది."

"గది గురించి కాదు."

"మరి?"

"నీ మీద కోపం లేదు మేస్త్రీ. ఆ రోజూ లేదు, ఇవాళా లేదు. కానీ నువ్వు మూలన కూర్చుంటే చాలు, ఏదో కడుతున్నావేమో అనిపిస్తోంది. నాకు నిద్ర పట్టడం లేదు."

"ఇంకేం కట్టను. ఒట్టు."

"కట్టకుండా ఉండలేవు," అంది. "నాకు తెలుసు కదా."

వదిన తల దించుకుని సంచి సర్దుతోంది. మేస్త్రి చక్రాల కుర్చీని బండిదాకా తోసుకెళ్ళాడు. ఎక్కించేటప్పుడు ఎత్తడానికి వంగితే ఆమె, "వాళ్ళు ఎత్తుతారులే," అని ఆసుపత్రి మనుషుల్ని చూపించింది. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆ చేతులు ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఒక్కడే రైలెక్కి వచ్చాడు. చెక్క కాళ్ళను కార్ఖానా పొయ్యిలో పడేశాడు. టేకు కాబట్టి చాలాసేపు మండింది. పనివాళ్ళు ఏదైనా అడిగితే జవాబు చెప్పేవాడు, అడగకపోతే ఉలి చప్పుడే. కొన్నాళ్ళు మనిషి ఉంటాడా పోతాడా అన్నట్టే ఉన్నాడు. తలుపు చట్రం కొలత తప్పు కోసి, తప్పని తెలిసి కూడా మళ్ళీ అదే కోసేవాడు. కార్ఖానా యజమానురాలు చూసి, ఆ చెక్కను పక్కన పెట్టించేది.

సెలవు రోజున బస్సెక్కి వదిన ఊరు వెళ్ళేవాడు. మొదటిసారి రాకుమారి లోపలి గదిలోంచి రాలేదు. వదిన నీళ్ళిచ్చింది, ఆ ఒక్క మెట్టు మీద కూర్చుని తాగి, తిరిగి బస్సు పట్టుకున్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి లోపలి నుంచి కుర్చీ చక్రాల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది, మళ్ళీ వెనక్కి పోయింది. మేస్త్రి తల తిప్పి చూడలేదు.

"చూడు మరిదీ," అంది వదిన ఒకసారి, "ఇలా ఎన్నిసార్లు తిరుగుతావ్? అది కుదుటపడ్డాక నేనే కబురు చేస్తాలే."

"ఫర్వాలేదు వదినా. బస్సులో కూర్చుంటే కాస్త బాగుంటుంది," అన్నాడు.

అలా వానాకాలం పోయి చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆయన మెట్టు మీద కూర్చుని ఉండగా కుర్చీ గుమ్మం దాకా వచ్చింది, వెనక్కి పోలేదు. ఆమె ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం ఉంది. ఈనెలు తీస్తోంది. ఇద్దరూ రోడ్డుకేసి చూశారు. నీళ్ళ ట్యాంకరు ఒకటి పోయింది.

"తిన్నావా?" అంది ఆమె.

పొద్దున టీ తాగి బస్సెక్కాడు. తిన్నానని అబద్ధం చెబుదామనుకున్నాడు.

"లేదు," అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి, "అక్కా, ఇంకో కంచం పెట్టు," అని కేకేసింది. ఆయన లోపలికి వెళ్ళలేదు. కంచం మెట్టు మీదకే తెచ్చారు. ఆయన తిన్నంతసేపూ ఆమె కాయలు వలుస్తూనే ఉంది. తిన్నాక, ఎండ గోడ దిగుతుండగా, "చీకటి పడకముందే బస్సు ఎక్కు," అంది.

ఆయన లేచి బస్టాండు వైపు నడిచాడు. వచ్చే సెలవుకు రానా అని అడగలేదు. ఆమె రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.